తల్లిని చూచి పిల్లను

"ఏ జాతి కుక్కను తెచ్చుకొంటే బాగుంటుందండీ?" అను ప్రశ్న నేడు మన పట్టణములలో, క్రొత్తగా గృహప్రవేశము చేసిన కుటుంబములలో తరచుగా వినవచ్చుచున్నది. అడుగువారు చాలవరకు అప్పటికే సెల్‌ఫోనులో ఏదో ఒక బొమ్మను చూచి మనసుపడియుందురు. మనము "చాల మంచి జాతి, తెచ్చుకొనుడు" అన్నచో సంతోషించి పోవుదురు. కాని ఆ మాటను తొందరపడి అనుటకు నాకు మనసొప్పదు. ఏలనన, ఆ బొమ్మలోని ప్రాణి పది పండ్రెండు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు పదునైదు సంవత్సరములు, ఆ యింట మెలగవలసినది; ఆ యింటివారి వేళలను బట్టియే తినవలసినది, తిరుగవలసినది, నిద్రింపవలసినది; పొరపాటున తగని యింటికి వచ్చి చేరినచో ఆ సంగతిని నోరు విప్పి చెప్పుకొనలేనిది.

మన తాతల కాలమున పల్లెటూళ్లలో ఈ ప్రశ్నయే పుట్టలేదు. కుక్క తనంతట తానే వచ్చి వాకిట నిలిచెడిది. ఇల్లాలు అందరి భోజనములును అయిన పిదప మిగిలిన చద్దియో సంగటి ముద్దయో పెట్టినచో ఆ రాత్రి అరుగు ప్రక్కన పడుకొనెడిది. నాలుగు దినములు గడచునప్పటికి పశువుల కొట్టమునకును, గాదెకును, పెరటి కోళ్లకును కావలి బాధ్యతను ఎవరును చెప్పకయే తనపై వేసికొనెడిది. ఊరంతయు దాని సంచారభూమి. మెడకు గొలుసు లేదు. ఆ వాకిలి నచ్చనినాడు మరియొక వాకిలికి పోవుటకు దానికి స్వేచ్ఛ కలదు. వేటగాండ్రును, గొల్లలును, సంస్థానాధీశులును తప్ప తక్కినవారి యిండ్లలో కుక్కయే ఇంటిని ఎన్నుకొన్నది. అందుచేతనే ఆవును కొనునప్పుడు సుడులు చూచుట, ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి వయస్సు కట్టుట, నడిపించి కాళ్ల బలమెరుగుట మున్నగు విద్య యంతయు తరతరములుగా మనకు అబ్బియుండగా, కుక్కను ఎంచుకొనుట యను విద్య మాత్రము వారసత్వముగా రాలేదు. నేడు మూడవ అంతస్తులో, మూసిన తలుపు వెనుక నుండు కుక్కకు పూర్వపు స్వేచ్ఛలలో ఒక్కటియు మిగులలేదు. ఎన్నిక యంతయు మన చేతిలోనికి వచ్చినది గనుక ఆ విద్యను ఇప్పుడైనను నేర్చుకొనక తప్పదు.

అందులో మొదటి పాఠము ఇంటిని పరీక్షించుకొనుట. ఉదయము తొమ్మిది గంటలకు భార్యాభర్తలు ఉద్యోగములకును, పిల్లలు బడికిని పోయిన పిమ్మట ఆ యింట ఎవరుందురు? రాత్రి ఏడు గంటల వరకు తాళము వేసియుండు ఇంటిలో రెండు నెలల పిల్లను విడిచి పోయినచో, దినమునకు నాలుగుసార్లు తినవలసినదియు, గంట గంటకును బయటికి పోవలసినదియు, మేలుకొని యున్నంతసేపు ఎవరో ఒకరి స్వరమును స్పర్శయు కోరునదియు నగు ఆ పసికూన, ఏడ్చి యేడ్చి, తలుపు గీరి, చెప్పులు కొరికి, తివాచీ తడిపి, "అల్లరి కుక్క" అను పేరు తెచ్చుకొనును. అట్టి యింటివారు ఇంకను కొన్నాళ్లు ఆగుట మేలు. లేదా పగటి ఒంటరితనమును ఓర్చుకొనగల వయసు వచ్చిన కుక్కను తెచ్చుకొని, మధ్యాహ్నము ఒకసారి వచ్చి చూచు మనిషిని ముందుగా కుదుర్చుకొనవలెను. శ్రావణ మాసపు ముసురులో, ఐదు గంటల చీకటిలో, గొడుగు ఒక చేతను గొలుసు ఒక చేతను పట్టుకొని క్రిందికి దిగువారెవరు అను ప్రశ్నకు కూడ ముందే సమాధానము కావలెను. "నేనే చూసుకుంటానమ్మా, నువ్వేమీ చెయ్యనక్కర్లేదు" అని పిల్లవాడు మాట యిచ్చును. ఆ మాట మనఃపూర్వకమైనదే. కాని పరీక్షలు వచ్చిననాడు ఆ గొలుసు తల్లి చేతికే వచ్చును. కావున ఇంటిలో ఎవరికి ఎక్కువ శ్రమ కలుగనున్నదో వారి సమ్మతియే ప్రధానము; ఆమె వలదన్నచో ఆ ప్రసంగము అక్కడితో ముగియవలెను. మడి కట్టుకొను నాయనమ్మ గల యింటిలో వంటగది వైపునకును పూజగది వైపునకును కుక్క పోకుండునట్లు అడ్డు ఏర్పరచుటయు, ఉబ్బసము గలవారున్నచో వైద్యుని అడిగి తెలిసికొనుటయు కుక్క రాకముందు జరుగవలసిన పనులే.

వీటన్నింటికంటె మన తెలుగు కుటుంబములు ఎక్కువగా విస్మరించునది కాలము. తొమ్మిదవ తరగతి చదువు కుమారుని ముచ్చట తీర్చుటకై తెచ్చిన పిల్ల, ఆతడు ఇంజనీరింగు ముగించి అమెరికాకు విమానమెక్కు నాటికి ఎనిమిదేండ్లు నిండి వార్ధక్యము వైపు మరలుచుండును. ఆతడు డాలసులోనో న్యూజెర్సీలోనో స్థిరపడుచుండగా, ఇక్కడ మోకాళ్ల నొప్పులతో బాధపడు తల్లియు, రక్తపోటు గల తండ్రియు, ముప్పది కిలోల లాబ్రడారును లిఫ్టు లేని యింటి మెట్లపై ఎక్కించుచు దించుచు అవస్థపడుదురు. ఇంతలో కోడలి పురుడని ఆరు నెలల కొరకు వారికిని పిలుపు వచ్చును. ఆ సమయమున ఆ ముసలి కుక్కను, ఎన్నడును వీధి మొగము చూడనిదానిని, బంధువులందరును "మా యింట్లో కుదరదు" అన్న తరువాత, ఊరి చివర విడిచివచ్చిన కుటుంబములను గూర్చి విన్నప్పుడెల్ల నాకు బాధ కలుగుచుండును. వారు క్రూరులు కారు; తెచ్చుకొన్ననాడు పదేండ్ల ముందునకు చూడనివారు.

ఇంటి తరువాత విచారింపవలసినది మన ఎండ. కుక్క దేహమునకు మనకువలె చెమట పట్టదు. పాదముల అడుగున కొంచెము చెమర్చుటయే గాని, లోపలి వేడిని అది ముఖ్యముగా నాలుక చాపి రొప్పుట చేతనే వెలువరించును. రెంటచింతలలోను, రామగుండములోను, విజయవాడలోను వేసవిలో 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. అట్టి దేశమునకు, సైబీరియా మంచుమైదానములలో చుక్చీ జనులు బండ్లు లాగించుటకై పెంచిన హస్కీని, ఆల్ప్స్ పర్వతముల కనుమలో క్రైస్తవ సన్న్యాసుల ధర్మశాలయందు పెరిగిన సెయింట్ బెర్నార్డును తెచ్చి కట్టివేయుట, వానికి జీవితకాలపు శిక్ష విధించుటయే. "మాకు ఏ.సి. ఉన్నదండీ" అనుట సమాధానము కానేరదు, పరుగు కొరకే పుట్టిన హస్కీ దినమునకు ఇరువది రెండు గంటలు గదిలో నుండి బ్రతుకజాలదు, మన విద్యుత్తు వేసవిలో ఎన్నిమార్లు పోవునో మనకు తెలియనిది కాదు. వేడికి ఆగలేకున్నదని దాని రెండుపొరల బొచ్చును పూర్తిగా గొరిగించువారును కలరు. ఆ బొచ్చు తీక్షణమైన ఎండను చర్మమునకు తగులనీయక కాపాడునది కూడ గనుక, గొరిగించుట వలన కష్టము ఇనుమడించుచున్నది. ముక్కు నొక్కుకొనిపోయిన పగ్గు, బుల్‌డాగు మున్నగు జాతుల సంగతి వేరు. వీని శ్వాసమార్గమే ఇరుకైనది. రొప్పుట యను ఒక్క సాధనము కూడ వీనికి సరిగా పనిచేయదు. 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలో చిన్నపిల్లవాని వెంట నడచిన పగ్గును చూచి దేశమంతట జనులు ముచ్చటపడిరి. దానికి "హచ్ కుక్క" అని పేరే వచ్చెను. నిద్రలో అది పెట్టు గురకను "ఎంత ముద్దుగా ఉందో" అని మురియువారికి, అది ఊపిరికై ఆ ప్రాణి పడు ప్రయాస యని చెప్పవలసివచ్చినప్పుడు నా మనస్సు కలతపడును.

ప్రతి జాతియు ఒకానొక పనికొరకు మనుష్యుడు తీర్చిదిద్దినదే. గొర్రెల మందను తిప్పుటకు తీర్చిన జర్మన్ షెపర్డు, మనవారు అల్సేషియన్ అను కుక్క, పని లేనిచో తానే పని కల్పించుకొని గేటు ముందు పోవు ప్రతివానిని తరుమును. వాసన పట్టి కుందేళ్లను వెంటాడు బీగిల్ చూచుటకు చిన్నదైనను, దాని అరుపు నాలుగు అంతస్తులకు వినవచ్చును. నీటినుండి వలలను, వేటపక్షులను తెచ్చియిచ్చు లాబ్రడారు పిల్లలతో మంచిగానే యుండును గాని తిండిపోతు, నడిపింపనిచో స్థూలకాయముతో కీళ్లు చెడి బాధపడును. మన యిండ్లలో చిరకాలముగా "పామరేనియన్" అని పిలువబడుచున్న తెల్లని స్పిట్జ్ ఈ వాతావరణమునకు చాలవరకు అలవాటుపడినది, పెరుగన్నపు ఇండ్లలోను నెగ్గుకొనివచ్చినది. ముసలివారి యింటికి అది కొంత అనుకూలమే, దువ్వుటకు ఓపిక యున్నచో.

మన తెలుగునేలకు స్వంతమైన కుక్కలను గూర్చి మనవారికే తెలియకపోవుట విచారకరము. కొల్లేటి పరిసరములలోను, గోదావరి కృష్ణా జిల్లాల తీరప్రాంతములలోను జోనంగి యను పొట్టి బొచ్చు కుక్క కలదు. బాతుల మందలను మేపువారికి అది కుడిభుజము; మందను చెదరనీయక పొలము నుండి పొలమునకు నడుపును. ఇసుకనేలలో తానే గొయ్యి త్రవ్వుకొని అందులో పడుకొనును. తక్కిన కుక్కలవలె మొరుగుటకంటె రాగము తీసినట్లు కూయుటయే దానికి అలవాటు. యజమానుని యందు అనురక్తి మెండు, క్రొత్తవారి యెడ బిడియము. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమునందలి పందికోన గ్రామము పేరుగల కుక్క కావలికి ప్రసిద్ధి. పొరుగున కర్ణాటకములో ముధోల్, తమిళనాట రాజపాళయము, చిప్పిపారై కలవు. ముధోల్, రాజపాళయములకు 2005లో మన తపాలాశాఖ స్టాంపులు వెలువరించి గౌరవము చూపెను. ఇవి యెండకు వెరవనివి, రోగములకు సులభముగా లొంగనివి. అయినను స్వదేశాభిమానము ఒక్కటియే చాలదు. ముధోల్‌వంటి వేటకుక్కకు పరుగెత్తుటకు మైదానము కావలెను. గొలుసు విడిచిన మరుక్షణమున పిల్లియో కోడియో కంటబడినచో అది పిలుపు వినదు. పూర్తి తెల్లని రాజపాళయపు పిల్లలలో చెవుడు కనబడుట కలదు గనుక, కొనుటకు ముందు వెనుకనుండి చప్పట్లు చరచి చూడవలెను. జోనంగికి త్రవ్వుకొనుటకు నేల కావలెను. అపార్ట్‌మెంటు బాల్కనీలోని పూలకుండీలు దానికి చాలవు. పొలమో, విశాలమైన దొడ్డియో గలవారు మాత్రము విదేశపు జాతులకై వెదకుటకు ముందు వీనిని తలచుకొనవలెనని నా కోరిక.

ఇక నిష్పక్షపాతముగా చెప్పవలసివచ్చినచో, మన మధ్యతరగతి ఇండ్లలో అనేకములకు తగినది, మన వీధిలో పుట్టిన కుక్కయే. నన్నయ భట్టారకుడు పదునొకండవ శతాబ్దమున తెలుగు భారతమును ఆరంభించునప్పుడు, కథాప్రారంభముననే సరమ యను దేవశునకము జనమేజయుని ముందు నిలిచి, నిరపరాధియగు తన కొడుకును రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరని అడుగును. తగునో తగదో యోచింపక బలహీనులకు కీడు చేయువారికి తలవని ఆపదలు వచ్చునని పలికి అదృశ్యమగును. మన తొలి కావ్యము ఒక కుక్క తల్లి ఫిర్యాదును అంత శ్రద్ధగా విన్నది. ఆ సారమేయుని సంతతిని మనము "ఊరకుక్క" అని చీదరించుకొని, అదే వీధిలో ముప్పదివేల రూపాయలిచ్చి తెచ్చిన కుక్కకు ఏ.సి. వేయుచున్నాము.

వీధికుక్కలో శతాబ్దముల సహజవరణము మన ఎండకును, మన తిండికిని, మన వానకును తగిన దేహమును కూర్చినది. మధ్యమ పరిమాణము, పొట్టి బొచ్చు, చురుకైన బుద్ధి. దత్తత ఇచ్చు సంస్థలు మన నగరములలో కలవు. 1992లో ఏర్పడిన హైదరాబాదు బ్లూక్రాస్ వానిలో ప్రసిద్ధమైనది. అట్టి చోట్లకు పోయినవారందరును చిన్నపిల్లలనే అడుగుదురు, పెరిగిన కుక్క మచ్చిక కాదని భయపడుదురు. ఆ భయము నిరాధారము. రెండేండ్ల కుక్క యెంత ఎత్తు పెరుగునో, పిల్లలను చూచి దగ్గరకు వచ్చునో తొలగిపోవునో, పిల్లిని ఓర్చునో ఓర్వదో, ఒంటరిగా నుంచినప్పుడు ఏమి చేయునో అంతయు కండ్లముందే తెలియును. దానిని చూచు కార్యకర్త దాని గుణదోషములను చెప్పగలడు. ఉద్యోగస్థుల కుటుంబములకును, వయసు మళ్లిన దంపతులకును ఇదియే సుఖమార్గము. రెండు మూడుసార్లు పోయి, దానితో కొంతదూరము నడచి, ఇంటిలోని అందరును చూచిన తరువాతనే నిర్ణయించుకొనవచ్చును.

వీధి పిల్లను నేరుగా తెచ్చుకొనువారికి ఒక హెచ్చరిక. వాచ్‌మన్ గది వెనుక ఇసుకకుప్పలో ఈనిన తల్లి వద్దనుండి, కండ్లు తెరచి పది దినములైనను కాని పిల్లను, జాలిపడి అట్టపెట్టెలో పెట్టి పైకి తెచ్చు బాలురు ప్రతి కార్తీకమునను కానవత్తురు. ఆ జాలి మంచిదే, కాని దానిని తల్లికి అన్నము పెట్టుట వైపు మరల్పవలెను. ఆమెకు పాలు నిలిచినచో పిల్లలన్నియు నిలుచును. ఎనిమిది వారములు గడచినపిదప ఒక పిల్లను తెచ్చుకొని, తల్లికి సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించుటకు నగరపాలక సంస్థకు తెలియజేయవలెను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు ఆ బాధ్యతను స్థానిక సంస్థలపైననే ఉంచినవి. శస్త్రచికిత్స అయినదానికి చెవి కొసను కొంచెము కత్తిరించి గుర్తు పెట్టుదురు.

జాతికుక్కయే కావలెనని నిశ్చయించుకొన్నవారికి చెప్పవలసినది ఎక్కువ కలదు. ఏలనన, అక్కడ మన డబ్బు ఎవరి చేతికి పోవుచున్నదో, దానితో ఏమి జరుగుచున్నదో మనకు కనబడదు. పాడిని చూచి బర్రెను, తల్లిని చూచి పిల్లను కొనవలెనని మన పెద్దలు సామెత చెప్పిరి. వారి మనస్సులో నున్నది పెండ్లి సంబంధము, కాని కుక్కపిల్ల విషయమున ఆ సామెత అక్షరాలా పాటింపదగినది. అంగడిలో గాజుపెట్టెలోని పిల్లకు తల్లి యెక్కడ? ఫోనులో బొమ్మలు పంపి, అడ్వాన్సు వేయించుకొని, రాత్రి బస్సులో బుట్టతో పార్సెలు చేయు అమ్మకందారు వద్ద తల్లి యెక్కడ? ఆ తల్లి తరచుగా ఊరి వెలుపల ఒక రేకుల షెడ్డులో, కాళ్లు చాపుకొనుటకు చాలని ఇనుప బోనులో, ఎదకు వచ్చిన ప్రతిసారియు కట్టబడి, ఈనిన ప్రతిసారియు పిల్లలను పోగొట్టుకొని, ఇక ఈనలేదని తెలిసినవెంటనే రోడ్డుపై విడువబడును. 2022లో వచ్చిన "777 చార్లీ" అను కన్నడ చిత్రము తెలుగులో కూడ ఆడి ఎందరినో కంటతడి పెట్టించినది. ఇటువంటి చోటనుండి తప్పించుకొని వచ్చి, రక్తసంబంధము గలవానినే జతపరచుట వలన కలిగిన రోగముతో క్షీణించిన కుక్క కథయే అది. చిత్రము చూచి వచ్చి అటువంటి అమ్మకందారు వద్దనే లాబ్రడారును కొన్నచో ఆ కన్నీటికి అర్థము లేదు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2017లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకము, విక్రయములను గూర్చి నియమములు వెలువరించెను. వాని ప్రకారము పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈనింపరాదు. దాని జీవితకాలమున 5 కాన్పులకు మించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?" అని కొనువాడు అడుగగానే మాట మార్చువాడును, కోపగించుకొనువాడును, "అవన్నీ పెద్ద కెన్నెళ్లకండీ" అనువాడును తన సంగతి తానే చెప్పుకొన్నట్లు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశపత్రమును చూపినచో అంతటితో తృప్తిపడరాదు; ఆ కాగితము తాతముత్తాతల పేర్లను తెలుపునే గాని, పిల్ల ఆరోగ్యమునకు పూచీ కాదు.

ఎనిమిది వారముల నియమము ఎవరో ఊహించి పెట్టినది కాదు. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను సంవత్సరముల తరబడి పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథమున, పిల్లకు మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు గడచు కాలము దాని స్వభావమునకు పునాది యని నిరూపించిరి. ఆ కాలపు పూర్వార్ధములో తోబుట్టువులతో పోట్లాడి ఎంత గట్టిగా కరచిన ఎదుటివానికి నొప్పి కలుగునో నేర్చుకొనును. తల్లి యొక్క గుర్రుమను మందలింపుతో హద్దులు తెలిసికొనును. ఉత్తరార్ధములో మనుష్యులను, మిక్సీ మ్రోతను, ఆటోను, బడిపిల్లల కేకలను చూచి వినినది పెద్దయైన పిదప వానికి భయపడదు. ముప్పది దినములకే తల్లినుండి విడదీసి, "చిన్నదైతే బాగా అలవాటవుతుంది" అని అమ్మువాడు దాని చదువును మొదటి పాఠముననే మాన్పించుచున్నాడు.

మంచి పెంపకందారు ఎట్లుండునో చూపుటకు గుంటూరు ప్రాంతమున నేను ఒక మిత్రునితో పోయిన ఇంటిని చెప్పెదను. తల్లి లాబ్రడారు వరండాలో గోనెపట్టాపై పడుకొని యుండెను; మేము లోనికి అడుగుపెట్టగానే లేచి వచ్చి మా చేతులు వాసన చూచి, తోక ఆడించి, తిరిగి పోయి పిల్లల ప్రక్కన కూర్చుండెను. ఇంటి ఇల్లాలు మాకు మజ్జిగ ఇచ్చి, మేము ప్రశ్నించుటకు ముందే తాను ప్రశ్నించెను: "పగలు మీ ఇంట్లో ఎవరుంటారండీ? ఇల్లు సొంతదా, అద్దెదా? ఇంతకుముందు కుక్కను పెంచారా, అదేమయింది?" నా మిత్రుడు తాము వచ్చే నెల తిరుపతికి, అటునుండి తమిళనాటి క్షేత్రములకు పోవుదుమని చెప్పగా, ఆమె, "అయితే యాత్ర చేసుకొచ్చాకే తీసుకెళ్లండి, అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది, నాకేం బరువు కాదు" అనెను. పిల్ల ఎవరింటికి పోవునో పట్టించుకొనువారి వద్దనే పిల్లను కొనవలెను.

పిల్లలను చూచుటకు కొంతసేపు దూరముగా నిలువవలెను. గుంపులో ముందుగా పరుగెత్తి వచ్చి బూటులేసు పట్టి లాగునది అందరి మనస్సును దోచును. పిల్లలు లేని నెమ్మదియింటికి అది తగినది కాకపోవచ్చును. మూలకు పోయి దాగునది జాలి కలిగించును. అనుభవము లేనివారు దానిని సంబాళింపలేరు. తాళముచెవుల గుత్తిని నేలపై పడవేసినచో, ఉలిక్కిపడి వెనుకకు తగ్గి, మరల రెండు క్షణములలో వచ్చి ఆ గుత్తిని మూచూచు పిల్ల సామాన్య గృహమునకు అనుకూలము. ఎత్తుకొని చూడవలెను: పొట్ట మెత్తగా నుండవలెను, బిగిసి ఉబ్బియున్నచో నట్టలు చేరినవన్నమాట, పెదవి మడచి చూచినప్పుడు చిగుళ్లు గులాబిరంగుతో నుండవలెను, పాలిపోయినచో రక్తము తక్కువ, వ్రేళ్ల సందులను, చెవుల మడతలను విప్పి పిడుదులు లేవని నిశ్చయించుకొనవలెను, మనకు వేసవిలో వచ్చు పిడుదుల జ్వరము ప్రాణాంతకమైనది, కండ్లలో పుసి, ముక్కులో చీమిడి, తోక క్రింద మురికి ఉండరాదు. టీకాల పుస్తకము చేతికిచ్చినప్పుడు కేవలము తేదీలు వ్రాసియుండుటతో సరిపుచ్చుకొనరాదు. మందు సీసామీది చీటీని అందులో అంటించి, దానిపై పశువైద్యుడు సంతకము చేసియుండవలెను. ఈ చీటీలు లేనిచో టీకా వేయలేదనియే భావించి వైద్యుని యొద్ద మొదటినుండి ప్రారంభింపవలెను. సంతలో కొన్న పిల్లలలో అనేకములు ఇంటికి వచ్చిన వారములోపల రక్తవిరేచనములతో కన్నుమూయుటకు కారణమగు పార్వో వ్యాధికి టీకాయే రక్ష. ఆరు ఎనిమిది వారముల వయస్సున మొదలిడి మూడు నాలుగు వారములకొకసారి నాలుగు నెలలు నిండువరకు ఆ టీకాలు వేయింపవలెను. రేబిస్ టీకా మూడు నెలలకు, పిమ్మట వైద్యుడు చెప్పిన ప్రకారము ప్రతి సంవత్సరము. అయినను ఏ కుక్క కరచినను, అది ఇంటిదైనను, గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో ధారగా కడిగి ఆస్పత్రికి పోవుట మానరాదు.

శాకాహార గృహములవారు ముందే యోచించుకొనవలసినది తిండి. ప్రతి దినము పెరుగన్నము మాత్రమే పెట్టినచో ఎదుగు పిల్లకు మాంసకృత్తులు చాలవు, బొచ్చు రాలును, ఎముకలు వంగును. గ్రుడ్డునైనను ఇంట వండుటకు ఇష్టము లేనివారు వైద్యుని అడిగి తయారైన ఆహారమును కొనవలెను. మన కూరలలో తప్పనిసరియగు ఉల్లి కుక్క రక్తమునకు చేటు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడ కుక్కకు విషతుల్యములే. ఇక చట్టపు విషయము: నగరపాలక సంస్థ వద్ద కుక్కకు లైసెన్సు తీసికొనవలెను. అపార్ట్‌మెంటు సంఘము కుక్కను పెంచరాదని తీర్మానము చేసినచో భయపడనక్కరలేదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకములు అట్టి నిషేధమును ఒప్పుకొనవు. అయితే, లిఫ్టులో ముసలివారు ఎక్కినప్పుడు గొలుసు కురుచగా పట్టుకొనుట, కుక్క చేసిన మలినమును తామే ఎత్తివేయుట, రాత్రి మొరుగకుండ చూచుకొనుట ఆ హక్కుతో విడదీయరాని విధులు. ఇవి పాటింపనివాని మూలముననే తక్కినవారి కుక్కలకు కూడ పొరుగువారి ద్వేషము సంక్రమించుచున్నది.

ఇంత విచారించిన తరువాత "ఇప్పుడు వద్దు" అని కొందరు నిర్ణయించుకొందురు. ఆ నిర్ణయమును నేను ఎంతో గౌరవింతును. వీధిలోని ఒక కుక్కకు నియమముగా అన్నము పెట్టి, దానికి శస్త్రచికిత్సయు ఏటేట టీకాయు చేయించువారు, ఇంటిలో కట్టివేసి మరచినవారికంటె కుక్కకు ఎంతో మేలు చేసినవారు. తెచ్చుకొనుటకే నిశ్చయించినవారు మాత్రము పెంపకందారు వద్దనో దత్తత సంస్థ వద్దనో, ఏ కారణము చేతనైనను పెంచలేకపోయినచో తిరిగి తీసికొందుమను మాటను కాగితముపై వ్రాయించుకొనవలెను. దానితోపాటు, తాము విదేశములకు పోవలసివచ్చినను, ఆస్పత్రి పాలైనను ఈ కుక్కను ఎవరు చూచుకొందురో, తమ్ముడో, ఆడపడుచో, ప్రక్కింటి మాస్టారో, వారిని ముందుగా అడిగి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకొన్న పిమ్మట, వారి పేరును ఫోను నంబరును టీకాల పుస్తకము మొదటి పుటలోనే యజమాని పేరు క్రింద వ్రాసి ఉంచవలెను.